వంతెన ఇవతల రొకుబే

మార్చి 8

మంగళవారం తజుకో పోయింది. ఆ రోజు ఎలా గడిచిందో ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టుకుంటాను.

పొద్దున్న ట్రామ్‌లో ఆసుపత్రికి వెళ్లాను. రాత్రి పడ్డ తడిమంచు కరిగి రోడ్డంతా నీళ్లు. వెళ్లేసరికి తను మేలుకునే ఉంది. చెల్లెలు ఫుసాయె అప్పటికే వచ్చి, వేడినీళ్లలో పిండిన తువ్వాలుతో అక్క మెడ తుడుస్తోంది. "వచ్చాడే నీ మొగుడు, గడ్డం కూడా గీసుకోకుండా," అంది. తజుకో నా వైపు చూసి తన గడ్డం మీద వేలు పెట్టుకుంది. మాట్లాడే ఓపిక లేదు.

కాసేపటికి ఫోను అడిగింది. దిండుకు ఆనించి ఒక్క వేలితో అక్షరాలు కొట్టింది. చాలాసేపు పట్టింది. "ఎవరికే అంత పెద్ద ఉత్తరం?" అని ఫుసాయె అడిగితే నవ్వింది. నా జేబులో ఫోను మోగింది. తీయలేదు. ఆసుపత్రిలో తన ఎదురుగా ఎప్పుడూ తీయను. అది మా ఒప్పందం.

"చూశారా?" అంది.

"ఇంటికెళ్లాక."

"పాచికలు వేయాలి మరి."

"సాయంత్రం వేస్తా."

"దొంగాట వద్దు."

"ఎప్పుడైనా ఆడానా?"

ఆ తర్వాత మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనం పళ్లెం ముట్టుకోకుండానే తీసుకెళ్లారు. నిద్రపోయింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. ఫుసాయె నర్సును పిలిచింది, నర్సు డాక్టరును పిలిచింది. డాక్టరు గడియారం చూసి సమయం చెప్పి తల వంచాడు. మేమూ వంచాం. పక్క భవనం కప్పు మీది మంచు పెళ్లలుగా జారిపడిన చప్పుడు వినబడింది.

నిన్న దహనం. ఆచారం ప్రకారం ఇద్దరిద్దరం కలిసి పొడవాటి పుల్లలతో అస్థికలు ఏరాం.

సాయంత్రం వేస్తానన్నాను. వేయలేదు.

మార్చి 9

నేను పనిచేసే నీళ్ల పరీక్షల ఆఫీసులో సెలవు ఇంకా ఉందట. నీళ్లు ఎవరో ఒకరు పరీక్షిస్తారు.

మార్చి 13

ఫోనులో మాతో కథలాట ఆడే ఆ ఇద్దరికీ తజుకో పోయిందని చెప్పాలి. ఎలా చెప్పాలో ముందు ఇక్కడ సరిచూసుకుంటాను. వాళ్లకు ఏమేం తెలుసో, ఏమేం తెలియదో రాస్తే దారి దొరకవచ్చు.

మా పేర్లు వాళ్లకు తెలియవు. వాళ్లవి మాకు తెలియవు. ఆటపేర్లే. ఒకతను ఉప్పుముద్ద. దక్షిణాన ఎక్కడో లారీ నడుపుతాడు, బండి ఆపుకున్నచోట రాస్తాడు. ఇంకొకామె సగంనిద్ర. బిడ్డ పడుకున్నప్పుడు రాస్తుంది కాబట్టి వాక్యం మధ్యలో ఆగిపోతూ ఉంటుంది. తజుకో పేరు కాగితంబుడగ. నేను మాస్టారిని. పటం నాది, వాతావరణం నాది, దారిలో ఎదురయ్యేవాళ్లందరూ నేనే.

కథలో ఆ ముగ్గురికీ తలా ఒక మనిషి. ఉప్పుముద్ద మనిషి సాన్‌పే, యుద్ధంలోంచి పారిపోయి వచ్చిన పిరికి సిపాయి. సగంనిద్ర మనిషి కొతో, బొమ్మలాట ఆడించే పిల్ల. తజుకో మనిషి రొకుబే. మందులు మోసుకు తిరిగే ముసలి వర్తకుడు, నోరు మంచిది కాదు.

ఏం జరిగిందో నేను రాసి, చివర "మీరేం చేస్తారు?" అని అడుగుతాను. తమ మనిషి ఏం చేశాడో, ఏమన్నాడో వాళ్లు రాస్తారు. పని అవుతుందో లేదో తేలనప్పుడు రెండు పాచికలు. ఫోనులోని ఆటగదిలో ఒక మీట నొక్కితే అవి అందరి కళ్ల ముందూ పడతాయి. ఎంత పడాలో ముందే రాస్తాను. రాశాక మార్చను. ఆటగాడు రానప్పుడు అతని మనిషిని నేను నడిపించవచ్చు, తినిపించవచ్చు, పడుకోబెట్టవచ్చు. మాట్లాడించకూడదు. ఎవరి మాట వాళ్లదే. ఈ నియమాలు నేను పెట్టినవే.

అందరూ ఒకేసారి కూర్చునే ఆట కాదిది. వీలైనవాళ్లు వీలైనప్పుడు వచ్చి నాలుగు ముక్కలు రాసి పోతారు. ఆడేవాళ్లు దీన్ని 'ఉంచిన బల్ల' అంటారు. తొమ్మిదేళ్లుగా మా బల్ల తీయలేదు. తజుకోకి ఆ పేరు ఇష్టం. వాళ్ల నాన్న, మా తొయామాలో చాలామందిలాగే, ఊరూరా తిరిగి ఇంటింటా మందుల పెట్టె ఉంచి వచ్చేవాడు. ఏడాదికి మళ్లీ వెళ్లి, వాడినవాటికే డబ్బు తీసుకుని, ఖాళీలు నింపి, పిల్లలకు కాగితం బుడగ ఊది ఇచ్చేవాడు. "ఈ బల్లా అంతేనండీ," అనేది తజుకో. "ఉంచి పోతాం. ఎవరికి నొప్పి పుడితే వాళ్లు తెరుచుకుంటారు."

మేం మొగుడూపెళ్లాలమని చెప్పలేదు. చెబితే నేను తన పక్షం అంటారని తన భయం. అందుకని ఒకే వంటింట్లో బల్లకు చెరోవైపు కూర్చుని, ఫోన్లలో ఒకరినొకరు "గారు" అనుకునేవాళ్లం. రొకుబేకి ఆ మర్యాద లేదు. వాడికి నేనంటే ఆకాశం. తలెత్తి తిడతాడు.

"ఒరే పైనున్నోడా! నీ పెళ్లాం నిన్ను ఇంట్లోంచి గెంటిందా ఏంట్రా, ఆ ఏడుపంతా మంచు చేసి మా నెత్తిన పోస్తున్నావ్?"

అది రాసి పంపేసి, తల ఎత్తకుండా, "టీ పెట్టమంటారా?" అనేది.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది ఒక లోయ, దాని మీద తాళ్ల వంతెన. ఆవలి ఊళ్లో పిల్లలకు దగ్గు. మందు రొకుబే పెట్టెలో ఉంది. వంతెన పలకలు కుళ్లాయి. దాటాలంటే తొమ్మిది, లేదా అంతకన్నా ఎక్కువ పడాలని ఫిబ్రవరిలోనే రాశాను. మంగళవారం ఆసుపత్రి నుంచి తజుకో రాసింది ఇది:

*రొకుబే పెట్టె పట్టీలు బిగిస్తాడు. "జరగండర్రా. ముందు నేను పోతా. ముసలి ఎముకలు, బరువుండవు. పలక విరిగిందా, ఎక్కడ కాలు పెట్టకూడదో మీకు తెలుస్తుంది. విరగలేదా, రాత్రికి సారా మీరు పోయిస్తున్నారు." వంతెన మీద కాలు పెడతాడు.*

రెండు పాచికల మీద తొమ్మిది అంటే మూడింట ఒక వంతు అవకాశం కూడా లేదు. పడకపోతే లోయలోకే.

మార్చి 15

చెప్పడానికే కూర్చున్నాను. గది తెరిస్తే ఉప్పుముద్ద రాసి ఉన్నాడు: "మాస్టారూ, మా ముసలాడు ఒంటికాలి మీద నిలబడి ఎన్నాళ్లయింది? కొంగయిపోతాడు పాపం." కింద సగంనిద్ర: "వేసేయండి మాస్టారూ. కొరుక్కోవడానికి గోళ్లు మిగల్లేదు. మా వాడివి కొరుకుతున్నా."

ఇలా ఉన్నవాళ్ల మధ్యలోకి వెళ్లి ఎలా చెప్పను?

రాశాను: గాలి లేచింది. మంచు తెర కట్టింది. వంతెన కనబడదు. ముగ్గురూ వెనక్కి తిరిగి కట్టెలు కొట్టేవాళ్ల గుడిసెలో తలదాచుకున్నారు.

వాతావరణం నాది. నియమం తప్పలేదు.

మార్చి 16

ఒక్కరోజు మంచు కురిస్తే ఎవరికీ నష్టం లేదు. రేపు చెబుతాను.

మార్చి 24

తజుకో ఫోను ఛార్జింగ్ పెట్టాను. వాడకుండా వదిలేస్తే బ్యాటరీ పాడవుతుందంటారు. ఫోను తెరిస్తే ఆటగదిలో తన పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. మనిషి వచ్చి ఉందని గుర్తు. నా ఫోనులోంచి చూశాను. వెలుగుతోంది.

మార్చి 25

బ్యాటరీ కోసమే.

ఏప్రిల్ 6

ఫుసాయె వచ్చింది. ఈ కాలంలో మా సముద్రంలో దొరికే వేలెడంత మిణుగురు స్క్విడ్‌లు ఉడికించి, నంజుకోవడానికి ఆవపిండి కలిపిన మిసో ముద్ద తెచ్చింది. సగం గిన్నెలో పెట్టి ఇంట్లోని పూజాపీఠం ముందుంచింది. పక్కన తెల్లగుడ్డ కట్టిన అస్థికల పెట్టె.

"నలభైతొమ్మిదో రోజున సమాధిలో పెట్టేద్దామా బావా?"

"గుడిలో అడగాలి."

"అడిగావా?"

"వాళ్లకు ఈ నెల తీరిక ఉన్నట్టు లేదు."

"అడక్కుండానే తెలిసిపోయిందా? బాగుంది." స్క్విడ్ ఒకటి నోట్లో వేసుకుంది. "అక్కకి ఇరుకంటే చిరాకు. ఆ పెట్టెలో ఎన్నాళ్లని కూర్చుంటుంది?"

"సమాధి ఇంకా ఇరుకు."

"అక్కడ మా అమ్మా నాన్నా లేకపోయినా అక్క అత్తగారున్నారుగా. పోట్లాడుకుంటూ కాలక్షేపం చేస్తుంది."

ఇద్దరం నవ్వాం. వెళ్లేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఏడ్చింది. నది గట్టున చెర్రీలు పూశాయట. చూడలేదు.

ఏప్రిల్ 9

గుడిసెలో మంట వేశాను. సాన్‌పే పుట్టగొడుగులు కాల్చి రొకుబే చేతిలో పెట్టాడు. రొకుబే తిన్నాడు, అని రాశాను. అక్కడిదాకా నియమమే.

తర్వాత ఇంకో వాక్యం రాశాను: "చాలా బాగున్నాయి, ధన్యవాదాలు," అన్నాడు రొకుబే.

పంపేశాను.

ఏప్రిల్ 10

ఉప్పుముద్ద: "ఆగండాగండి. ధన్యవాదాలా? మా ముసలాడా? తొమ్మిదేళ్లలో నా తిండి తిని వాడన్న మంచిమాట 'చచ్చేంత చెడ్డగా లేదు' ఒక్కటే. సాన్‌పే పుట్టగొడుగులు పారేసి రొకుబే నాడి చూస్తున్నాడు. విషం ఎక్కింది."

నవ్వాను. ఆ తర్వాత గిన్నెలు కడిగాను. కడిగినవే మళ్లీ కడిగాను.

సగంనిద్ర ఏమీ రాయలేదు.

ఏప్రిల్ 14

ఆదివారం. రొకుబే తిట్లన్నీ మొదటినుంచి చదివాను. ఏ తిట్టుకూ రెండోసారి అవే మాటలు లేవు. ఎలా కుదురుతాయో గమనించి ఒకటి తయారుచేద్దామని భోజనమయ్యాక కూర్చున్నాను. "ఒరే పైనున్నోడా" దాకా వచ్చింది. ఆపైన ఏమనాలో తోచలేదు.

పైనున్నోణ్ణి నేనే.

ఏప్రిల్ 22

నలభైతొమ్మిదో రోజు. బౌద్ధ సూత్రాలు చదివించాం. అందరూ భోంచేసి వెళ్లారు. అస్థికలు ఇంట్లోనే ఉన్నాయి.

మే 3

మంచు.

మే 11

మంచు. సాన్‌పే కట్టెలు కొట్టాడు. కొతో బొమ్మ చెయ్యి విరిగితే అతికించుకుంది. రొకుబే పడుకున్నాడు.

మే 26

ఉప్పుముద్ద: "మాస్టారూ, ఇక్కడ లారీలో ఏసీ వేసుకుని కూర్చున్నా. మీరు రాసింది చదివి స్వెటర్ కోసం వెతికా. ఎప్పుడు తగ్గుతుందండీ?"

"కొండ మీద మంచు, చెప్పలేం," అని రాశాను.

నిజానికి మా కొండల మీద కూడా ఇంకా తెల్లగానే ఉంది. ఆఫీసు కిటికీలోంచి కనబడుతుంది.

జూన్ 8

ఫుసాయె వచ్చి బీరువాలో అక్క బట్టలు సర్దింది. వంటింట్లోకి వచ్చి ఛార్జర్ చూసింది.

"అక్క ఫోను బిల్లు ఇంకా కడుతున్నావా?"

"కడుతున్నా. రోజూ ఛార్జింగ్ పెట్టాలి. లేకపోతే బ్యాటరీ పాడవుతుంది."

"పాడైతే ఎవరికి బావా?"

టీ పోశాను. తాగింది.

జూన్ 30

పొద్దున్న ఛార్జింగ్ పెట్టి ఫోను తెరిస్తే తజుకోకి ఒక ఉత్తరం. గదిలో అందరికీ కనబడేలా రాసింది కాదు, తనొక్కదానికే. సగంనిద్ర నుంచి.

"బుడగక్కా, మీ చుక్క రోజూ వెలుగుతోంది. వచ్చి చూస్తున్నారు, ఒక్క మాట రాయడం లేదు. ఫిబ్రవరిలో కొతో చేత రొకుబేని ఏడిపించాను గుర్తుందా, 'ముసలాళ్లు ముందు పోవాలి తాతా, అది మర్యాద' అని? అది మిమ్మల్ని తాకిందేమోనని అప్పట్నుంచీ అనుకుంటున్నా. మీ వయసు నాకు తెలియదు. ఇంట్లో ఏముందో తెలియదు. సరదాకి అన్నాను. బిడ్డ పుట్టిన ఏడాది నేను పగలు మాట్లాడింది మీతోనే, రొకుబే నోటితోనే. కోపమొస్తే వాడిలా తిట్టండి. చుక్క పెట్టి ఊరికే ఉండకండక్కా. మా బాబు లేచాడు, మళ్లీ"

అక్కడ ఆగిపోయింది.

ఛార్జర్ పీకేశాను.

జూలై 1

చుక్క ఆరింది.

చుక్క ఆరిపోవడం చూసి ఆమె ఇప్పుడు ఏమనుకుంటుందోనని రోజంతా ఆలోచించాను. నీళ్ల నమూనాల మీద చీటీలు తప్పు అంటించాను. కుర్రాళ్లు సరిచేశారు.

జూలై 4

తజుకో అయితే ఒక్క తిట్టుతో తేల్చేసేది. ఆ పిల్ల నవ్వి పడుకునేది. నాకా తిట్టు రాదు. నాకు వచ్చింది ఉన్నది చెప్పడం. అదీ చేయలేదు.

జూలై 6

గదిలో రాసింది:

"కాగితంబుడగ గారు మార్చి 5న కన్నుమూశారు. చాన్నాళ్లుగా జబ్బు. ఆవిడ నా భార్య. పేరు తజుకో. ఆ తర్వాత చుక్క వెలిగించింది నేను. రొకుబే చేత ధన్యవాదాలు చెప్పించింది నేను. ఆమెకు మీ ఎవరి మీదా కోపం లేదు. ముసలాళ్లు ముందు పోవాలన్న మాట చదివిన రోజు అన్నం తింటూ పొలమారేంత నవ్వింది. ఇంతకాలం చెప్పనందుకు క్షమించండి."

మళ్లీ చదివాను. తప్పుల్లేవు. పంపాను.

జూలై 7

ఎవరూ రాయలేదు.

జూలై 8

లేదు.

జూలై 10

ఇద్దరూ రాశారు.

ఉప్పుముద్ద: "బండి పక్కకి తీసి రెండుసార్లు చదివాను. రాయడం రాలేదు, రెండు రోజులు తోలుకుంటూ పోయాను. మాస్టారూ, మీరిద్దరూ మొగుడూపెళ్లాలని మాకు తెలుసు. నాలుగేళ్ల కిందట మీరు 'చేప మాడుతోంది, ఇప్పుడే వస్తా' అని రాశారు. ఆ వెంటనే బుడగ గారు 'మాడిపోయింది కూడా' అని రాశారు. నేను టీ స్టీరింగ్ మీద పోసుకున్నా. సగంనిద్ర గారికి విడిగా రాస్తే, ఆవిడ 'నాకు రెండో ఏడే తెలుసు' అంది. చెబితే మీరు సిగ్గుపడి మానేస్తారని ఊరుకున్నాం. మంచి మనిషి పోయింది మాస్టారూ. మంచి ముసలాడు కూడా."

సగంనిద్ర: "మార్చి నుంచి మీరు రాసేది మారింది. మీరిద్దరూ విడిపోయారనుకున్నాం. అలా అయి ఉంటే ఎంత బాగుండేది. పొలమారేంత నవ్వింది అన్నారు చూడండి, ఆ వాక్యం దాచుకున్నాను."

చేప మాడిన రోజు ఏదో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. చాలాసార్లే మాడింది.

జూలై 20

బల్ల తీసేద్దామని రాశాను. రొకుబే వేరే దారిలో తన ఊరికి వెళ్లిపోయాడు, అక్కడ క్షేమంగా ఉన్నాడు, అని ముగిస్తానన్నాను. అందరికీ మర్యాదగా ఉంటుంది.

జూలై 21

సగంనిద్ర: "వద్దు మాస్టారూ. రొకుబే వంతెన మీద కాలు పెట్టాడు. బుడగక్క రాసింది 'కాలు పెడతాడు' అని. గాలి ఆ తర్వాత వచ్చింది. కాలు పెట్టినవాణ్ణి మీరు వెనక్కి లాగారు."



జూలై 22

దొంగాటే.

జూలై 27

సగంనిద్ర మళ్లీ రాసింది. ఈసారి బిడ్డ చాలాసేపు పడుకున్నట్టున్నాడు.

"మాస్టారూ, ఇంకొకటి చెబుతా, కోప్పడకండి. మార్చి నుంచి మీరు రాసినవన్నీ వెనక్కి వెళ్లి చదివాను. ఒక్కదాని చివరా ఆ ప్రశ్న లేదు."

"ఏ ప్రశ్న?"

"'మీరేం చేస్తారు?' అని. మంచు కురిపించారు, గుడిసెలో పెట్టారు, తిండి పెట్టారు, పడుకోబెట్టారు. మేమేం చేస్తామో మాత్రం అడగలేదు."

ఉప్పుముద్ద: "అడిగితే చెబుదామని సాన్‌పే తాడు చేతిలో పట్టుకునే ఉన్నాడండీ. మార్చి నుంచీ."

నేను వెనక్కి వెళ్లి చూశాను. గాలి లేచిన రోజు లేదు. పుట్టగొడుగుల రోజు లేదు. మే నెలలో ఎక్కడా లేదు. తొమ్మిదేళ్లలో ఆ మాట లేకుండా ఒక్కటీ పంపలేదనుకునేవాణ్ణి. అందరూ రాసేదాకా ఆగి, ఆ తర్వాతే పాచికలు వేయడం మా పద్ధతి. వంతెన మీద మనిషికి మిగతావాళ్లు సాయం పట్టవచ్చు. ఒక్కొక్క సాయానికి పడాల్సిన అంకె ఒకటి తగ్గుతుంది. అదీ నేను పెట్టిన నియమమే. తజుకో ఒక్కతే కాలు పెట్టినట్టు, నేనొక్కణ్ణే చూస్తున్నట్టు కూర్చున్నాను.

ఆగస్టు 4

రాశాను:

"మంచు ఆగింది. గాలి లేదు. వచ్చిన గాలి రాలేదని అనుకోండి, అది నా తప్పు. రొకుబే కాలు మొదటి పలక మీద ఉంది. పెట్టె వీపు మీద ఉంది. తొమ్మిది పడాలి.

మీరేం చేస్తారు?"

ఆగస్టు 7

ఉప్పుముద్ద: *సాన్‌పే తాడు తీసి రొకుబే నడుముకు కడతాడు. రెండో కొస తన నడుముకు. యుద్ధంలో వీడు పారిపోయింది నిజమే. ముడి రెండుసార్లు జారింది. "తాతా, నువ్వు పడితే నేనూ పడతా. కాబట్టి నా మీద దయ ఉంచి చూసి నడువ్."*

సగంనిద్ర: *కొతో రొకుబే వెనక్కి వెళ్లి పెట్టె పట్టీలు విప్పుతుంది. "ఇలా ఇయ్యి తాతా. నువ్వు అవతలికి చేరినా చేరకపోయినా ఇది చేరాలి. అక్కడ పిల్లలు దగ్గుతున్నారు. తిట్టుకో, ఎంతైనా తిట్టుకో, వినడానికే ఉన్నాం." పెట్టె తన వీపుకు తగిలించుకుంటుంది. బరువుకి వంగిపోతుంది, లేచి నిలబడుతుంది.*

రెండు సాయాలు. తొమ్మిది ఏడయింది. ఏడైతే సగానికన్నా ఎక్కువసార్లు పడుతుంది. ప్రతిసారీ పడదు.

దానికి రొకుబే ఏమన్నాడో నేను రాయలేదు.

ఆగస్టు 11

గుడికి ఫోను చేశాను. పదమూడున, పోయినవాళ్లు ఇంటికొచ్చే బోన్ పండగ మొదటిరోజు, సమాధి తెరిచి అస్థికలు పెట్టవచ్చన్నారు. తీరిక ఎప్పుడూ ఉందట. ఫుసాయెకి చెప్పాను. అరగంటలో పుచ్చకాయతో వచ్చేసింది.

కోసుకుని తింటూ ఆట గురించి చెప్పాను. తనకి తెలియదు. అక్క ఫోనులో ఎవరితోనో పేకాట ఆడుతోందనుకునేదట.

"ముసలాడా? అక్క ముసలాడిగా ఆడేదా?"

"మందులు మోసుకు తిరిగేవాడు. తలెత్తి ఆకాశాన్ని తిడతాడు."

"ఏదీ, ఒకటి చదువు."

చదివాను. ఒరే పైనున్నోడా, నీ పెళ్లాం నిన్ను ఇంట్లోంచి గెంటిందా ఏంట్రా. ఫుసాయె పుచ్చకాయ ముక్క కింద పెట్టేసింది.

"బావా, అది మా నాన్నే. వాన మొదలైతే పెట్టె దించి, నడుం మీద చెయ్యేసుకుని, పైకి చూసి అచ్చం ఇలాగే. మేమిద్దరం గొడుగు కింద నిలబడి నవ్వేవాళ్లం. అక్క గొంతు కూడా కలిపేది." చేతుల తడి ఆప్రాన్‌కు తుడుచుకుంది. "ఇంకొకటి చదువు."

చీకటి పడేదాకా చదివాను. నా నోట కూడా కొన్ని బాగానే వచ్చాయి.

"ఆ వంతెన సంగతేంటి? దాటాడా?"

"ఇంకా వేయలేదు."

"ఏడు పడకపోతే?"

"పడిపోతాడు. పెట్టె పడదు. అది ఆ పిల్ల వీపున ఉంది."

ఫుసాయె కాసేపు గింజలు పళ్లెంలో ఒకవైపుకి నెట్టింది. "నాన్న కూడా దారిలోనే పోయాడు బావా. ఆ ఏడు పెట్టెలు నింపడానికి ఆయన స్నేహితుడు వెళ్లాడు. ఇంటింటా కాగితం బుడగలు కూడా ఇచ్చి వచ్చాడు."

ఇది తజుకో నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పిందేమో, రొకుబే చేత.

ఆగస్టు 12

గడ్డి కోసి సమాధి చుట్టూ శుభ్రం చేసి వచ్చాను. అత్తలేని కోడలు కాదు కాబట్టి రాతి మీద మా అమ్మ పేరుకు పట్టిన నాచు కూడా గీకాను. తజుకో ఫోను ఒప్పందం రద్దు చేయించాను. కౌంటర్ దగ్గర అమ్మాయి రెండు చేతులతో ఫోను తిరిగి ఇచ్చింది. కాగితంబుడగ పేరు గదిలోంచి తీయలేదు. చుక్క లేకుండా ఉంటుంది.

రొకుబే పడిపోతే ఎలా రాయాలో, దాటితే ఎలా రాయాలో రెండూ ముందే రాసి పెట్టుకోవాలనిపించింది. మొదలుపెట్టి చెరిపేశాను. పడ్డాకే రాయాలి. ఎప్పుడూ అలాగే రాశాను.

గదిలో ఒక వాక్యం పెట్టాను: "రేపు పొద్దున్న వేస్తాను." ఉప్పుముద్ద బండి ఆపుకుని ఉంటానన్నాడు. సగంనిద్ర బిడ్డతో సహా లేచి ఉంటానంది.

రేపు పొద్దున్న ముందు గడ్డం గీసుకుంటాను. ఫుసాయె కారు తెచ్చేలోగా వంటింటి బల్ల దగ్గర, నా వైపు కుర్చీలోనే కూర్చుని, అందరి ముందూ పాచికలు వేస్తాను. ఏది పడితే అది రాస్తాను. రాసి, చివర మీరేం చేస్తారని వాళ్లిద్దరినీ అడుగుతాను.